పిల్లలు విప్పి పక్కన పడేయని జంతువుల, పక్షుల మాస్కులు ఇంట్లోనే చేసుకునే పద్ధతి

అమ్మా, మీరు అడిగిన విషయం ఇది. నవంబరులో మీ అమ్మాయి పుట్టినరోజుకు నాలుగేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలు ఎనిమిది మంది విజయనగరం కంటోన్మెంటులోని మీ ఇంటికి వస్తారని, ప్రతి ఒక్కరూ ఏదో ఒక జంతువు లేదా పక్షి వేషంలో ఉండాలన్నది మీ అమ్మాయి కోరిక అని రాశారు. కిందటేడు బజారులో కొన్న ప్లాస్టిక్ మాస్కులను పిల్లలు ఐదు నిమిషాలు కూడా ఉంచుకోలేదని, ఈసారి ఇంట్లోనే చేయాలనుకుంటున్నారని, చేతిలో రెండు వారాల సమయం ఉందని చెప్పారు. బడిపిల్లలకు చిత్రలేఖనం, చేతిపనులు నేర్పుతూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పనిచేసినవాడిని కనుక, వార్షికోత్సవాల కోసం పిల్లలతో కలిసి చేయించిన పని నుంచి నాకు తెలిసినది వివరంగా రాస్తున్నాను.

ముందుగా, కిందటేడు పిల్లలు మాస్కులు ఎందుకు తీసేశారో తెలుసుకుంటే ఈసారి ఏం చేయాలో సగం తెలిసినట్లే. బజారు మాస్కు బరువంతా ముక్కు మీద, బుగ్గల మీద పడుతుంది. సన్నని రబ్బరు తాడు చెవుల వెనుక కోస్తుంది. విడిచిన ఊపిరి బయటికి పోయే దారి లేక లోపలే తిరిగి ముఖం చెమర్చుతుంది. కంటి రంధ్రాలు పిల్లల కళ్ళకు ఎదురుగా రాకపోవడంతో వాళ్ళు తల ఎత్తి, మెడ వంచి చూడవలసి వస్తుంది. ఇన్ని ఇబ్బందులు పడుతూ ఏ పిల్లవాడూ ఆడుకోలేడు. అందుచేత నేను ఎప్పుడూ పట్టుబట్టి చెప్పేది ఒకటే: మాస్కును ముఖానికి తగిలించకండి, తలకు కట్టండి. బరువును నుదురు, నడినెత్తి మోయాలి. ముక్కు, నోరు, గడ్డం ఖాళీగా ఉండాలి. అమ్మవారి పండుగల్లో పులివేషం కట్టేవారిని మీరు చూసే ఉంటారు. ఒంటికి పసుపు రంగు పూసి, నల్ల చారలు దిద్దుకుని, డప్పు దరువుకు గంటల తరబడి ఎగిరి దూకుతారు. నేను చూసినవారిలో పులితల పెట్టుకునేవాళ్ళు దాన్ని నెత్తికే బిగించి కట్టుకుంటారు, ముఖానికి రంగు మాత్రమే ఉంటుంది. ఊపిరి ఆడకపోతే ఆ ఆట సాగదు.

కొలతలతో మొదలుపెట్టండి. ప్రతి పిల్లకూ మూడు కొలతలు చాలు: కనుబొమల పైనుంచి తల చుట్టుకొలత, రెండు కనుపాపల మధ్య దూరం, కనుబొమల నుంచి పై పెదవి వరకు ఉన్న పొడవు. ఈ వయసు పిల్లల తల చుట్టుకొలత సాధారణంగా 50 నుంచి 53 సెంటీమీటర్లు ఉంటుంది, కనుపాపల మధ్య దూరం 5 నుంచి 5.5 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వచ్చే పిల్లలందరినీ ముందే కొలవడం మీకు కుదరకపోతే ఈ అంకెలతోనే చేసి, తలపట్టీని సర్దుకునేలా ఉంచండి. కంటి రంధ్రం వెడల్పు 3.5 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. రంధ్రం కంటికి ఎంత దూరంగా ఉంటే కనిపించే మేర అంత ఇరుకవుతుంది. కిటికీకి దగ్గరగా నిలబడితే వీధంతా కనిపించి, గది చివరి నుంచి చూస్తే ఎదురిల్లు ఒక్కటే కనిపించడం లాంటిదే ఇది. కాబట్టి మాస్కు కళ్ళ దగ్గర ముఖానికి దగ్గరగా, ముక్కు దగ్గర ఎడంగా ఉండాలి.

తలపట్టీ ఇలా చేయాలి. మిఠాయి డబ్బా అట్ట వంటి గట్టి, పలుచని అట్టను 4 సెంటీమీటర్ల వెడల్పుతో పొడవుగా కత్తిరించి, నుదుటి చుట్టూ తిప్పండి. వెనుక అట్ట కొసలను కలపకుండా మధ్యలో నాలుగైదు సెంటీమీటర్ల మేర వెడల్పాటి ఎలాస్టిక్ కుట్టండి. దర్జీలు లంగాలకు, నిక్కర్లకు వాడే ఎలాస్టిక్ దీనికి సరిపోతుంది. నుదుటి నుంచి నడినెత్తి మీదుగా వెనక్కి మరొక పట్టీ వేయండి. ఈ రెండో పట్టీని చాలామంది వదిలేస్తారు కానీ మాస్కు కిందికి జారకుండా ఆపేది అదే. లోపలివైపు పాత బనియను గుడ్డను రెండు మడతలుగా అంటిస్తే చెమట పీల్చుకుంటుంది, అట్ట అంచు ఒరుసుకోదు. స్టాప్లర్ వాడితే పిన్ను కొసలు బయటివైపుకే రావాలి, వాటి మీద తప్పకుండా టేపు వేయాలి.

నాలుగు, ఐదేళ్ళ పిల్లలకు అట్టతో చేసిన మాస్కులే మంచివి. తేలికగా ఉంటాయి, ఒక సాయంత్రంలో రెండు మూడు తయారవుతాయి. అయితే బల్లపరుపుగా ఉన్న అట్ట మీద బొమ్మ గీసి కత్తిరిస్తే అది పటంలా ఉంటుంది కానీ ముఖంలా ఉండదు. దానికి ఉబ్బు రావాలంటే, బొమ్మ కత్తిరించాక నుదుటి మధ్యలో పైనుంచి కిందికి, రెండు బుగ్గల దగ్గర అంచు నుంచి లోపలికి నాలుగేసి సెంటీమీటర్ల గాటు పెట్టి, గాటుకు రెండు వైపులా ఉన్న అంచులను ఒక సెంటీమీటరు మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి అంటించండి. అంతటితో నుదురు గుండ్రమై, బుగ్గలు వెనక్కి తిరుగుతాయి. జాకెట్టు కుట్టేటప్పుడు దర్జీ వేసే టక్కు ఇదే పని చేస్తుంది. ముక్కును, మూతిని విడిగా చేసి తరవాత అతికించాలి. కిరాణా కొట్టులో దొరికే అట్టపెట్టెల మందపాటి అట్ట ఈ పనికి రాదు, లోపలి గాడుల వెంబడి తప్ప మరోవైపు మడిస్తే విరిగిపోతుంది. చెవులకు, కొమ్ములకు దాన్ని వాడుకోవచ్చు.

ఆరేళ్ళు దాటినవారికి కాగితపు పొరలతో చేసే మాస్కు అందంగా ఉంటుంది, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఒక కప్పు మైదాను ముందు కొంచెం చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్ళలో పోసి, సన్నని సెగ మీద కలుపుతూ ఉండండి. పాలలా తెల్లగా ఉన్నది కాస్త అద్దంలా మారి గరిటెకు పట్టుకున్నప్పుడు దించేయాలి. అందులో ఒక చెంచా ఉప్పు, రెండు మూడు చుక్కల లవంగ నూనె వేస్తే బూజు త్వరగా పట్టదు. గోడలకు పోస్టర్లు అంటించేవారు, పుస్తకాలు బైండు చేసేవారు జిగురులో మైలుతుత్తం కలపడం మీరు చూసి ఉండవచ్చు. అది విషం. పిల్లల ముఖానికి తగిలే వస్తువులో దాన్ని రవ్వంత కూడా వేయకండి.

అచ్చుకు బుడగ చాలు. తల చుట్టుకొలత కంటే నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా ఊది, గిన్నె మీద నిలబెట్టి, సగభాగం మీద మాత్రమే పొరలు వేయండి. కాగితాన్ని కత్తిరించకూడదు, చించాలి. చించిన అంచు పలుచగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుంది, కత్తిరించిన అంచు గీతలా పైకి తేలుతుంది. దినపత్రికను ఒకవైపు నుంచి చించితే నిటారుగా చిరుగుతుంది, మరోవైపు నుంచి వంకర పోతుంది. నిటారుగా చిరిగే వైపు నుంచి రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు పేలికలు తీసుకోండి. మొదటి పొరను జిగురు లేకుండా ఉత్త నీళ్ళతో తడిపి వేస్తే తరవాత బుడగ తేలికగా ఊడి వస్తుంది. ఒక పొర దినపత్రికతో, తరవాతి పొర తెల్ల కాగితంతో, మార్చి మార్చి వేస్తే ఎన్ని పొరలయ్యాయో, ఎక్కడ పలుచబడిందో కంటికి తెలుస్తుంది. పిల్లల మాస్కుకు నాలుగైదు పొరలు చాలు. అంతకు మించితే బరువు పెరుగుతుంది.

ఆరబెట్టడం దగ్గరే మన ప్రాంతంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. నవంబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పడిందంటే విజయనగరంలో గాలి రెండు మూడు రోజులు చెమ్మగానే ఉంటుంది. అన్ని పొరలూ ఒకేసారి వేస్తే పైపొర ఎండి, లోపలిది పచ్చిగా ఉండిపోయి వాసన వస్తుంది. రెండు పొరలు వేసి, ఫ్యాను కింద ఒక రోజంతా ఉంచి, గోటితో తట్టి చూడండి. పొడి చప్పుడు రావాలి, బుగ్గకు ఆనిస్తే చల్లగా అనిపించకూడదు. అప్పుడే మిగతా పొరలు వేయాలి. మధ్యాహ్నపు ఎండలో మాత్రం పెట్టకండి. వేడికి బుడగలోని గాలి వ్యాకోచించి అది పగిలిపోతుంది, లేదా ఒకవైపు ముందుగా ఎండి ఆకారం ఒంకర తిరుగుతుంది.

పూర్తిగా ఎండాక బుడగ తీసి, కింది అంచును పై పెదవికి పైనే కత్తిరించండి. ఇది సగం మాస్కు అవుతుంది, పిల్లవాడి నోరు, గడ్డం బయటే ఉంటాయి, మాట్లాడవచ్చు, కేకు తినవచ్చు. కంటి రంధ్రాలకు ముందుగా చిన్న బెజ్జం పెట్టి, పిల్లవాడికి తొడిగి, ఎక్కడ చూపు అడ్డుపడుతోందో అడుగుతూ కొంచెం కొంచెంగా పెద్దవి చేయండి. తొడిగి ఉన్నప్పుడు మాత్రం కత్తెర ముఖం దగ్గరికి తీసుకురాకండి. పెన్సిలుతో గుర్తు పెట్టి, తీసిన తరవాతే కోయండి. కోసిన అంచులన్నిటికీ పలుచని కాగితపు పేలికలు మడిచి అంటిస్తే గరుకు పోతుంది, పొరలు విడిపోవు.

ఇక ఏ జంతువుకు ఏది ముఖ్యమో చెప్తాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. దూరం నుంచి జంతువును పోల్చుకునేది రంగు వల్ల కాదు, పక్కనుంచి కనిపించే ఆకారం వల్ల. మీ ఊళ్ళో దసరా తరవాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో సిరిమాను ముందు తెల్ల ఏనుగు నడుస్తుంది. అంత జనంలో, తండ్రి భుజాల మీద కూర్చున్న మూడేళ్ళ పిల్ల కూడా తెల్ల రంగులో ఉన్న దాన్ని ఏనుగు అని ఇట్టే గుర్తుపడుతుంది. తొండం, చెవులు, ఉబ్బు నుదురు ఉంటే చాలు.

ఏనుగు చేసేటప్పుడు మన దేశపు ఏనుగు నుదుటి మీద రెండు ఉబ్బులు ఉంటాయని, చెవులు ఆఫ్రికా ఏనుగు చెవుల కంటే చిన్నవని గుర్తుంచుకోండి. అట్టను పెద్ద విసనకర్రలంత కోస్తే మన పార్వతీపురం కొండల వైపు తిరిగే ఏనుగులా ఉండదు. తొండాన్ని కాగితంతో చేయకండి, ఆ బరువుకు మాస్కు ముందుకు వాలిపోతుంది. పాత లెగ్గింగు కాలును చివరికి వచ్చేసరికి సన్నబడేలా కుట్టి, లోపల దూదిని వదులుగా కూరి, కళ్ళ మధ్య నుంచి మొదలయ్యేలా తలపట్టీకే కుట్టండి. బూడిద రంగు గుడ్డ మీద అడ్డంగా దారంతో లాగి కుట్టు వేస్తూ పోతే తొండం ముడతలు వాటంతట అవే వస్తాయి. నడిచేటప్పుడు అది ఊగుతుంటే పిల్లలు పడే సంతోషం చూడాలి.

పులికి చారలు ముఖ్యమని అందరికీ తెలుసు కానీ చారలు వేసే చోటు తెలియదు. నుదుటి మీద చారలు అడ్డంగా ఉంటాయి, బుగ్గల మీద బయటివైపుకు తిరుగుతాయి, ముక్కు దూలం మీద దాదాపు ఉండవు. కళ్ళ పైన, మూతి చుట్టూ తెలుపు ఉంటుంది. చెవులు గుండ్రంగా ఉంటాయి, వాటి వెనుక నల్లని రంగులో తెల్ల మచ్చ ఉంటుంది. చాలామంది పిల్లికి ఉన్నట్లు నిలువు గీత కనుపాప గీస్తారు. పులి కనుపాప గుండ్రమే.

ఎలుగుబంటిని ఉద్దానం పిల్లలకు ప్రత్యేకంగా పరిచయం చేయనక్కరలేదు. సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి, కొబ్బరి తోటల్లో అవి తిరుగుతూనే ఉంటాయి. బొమ్మల పుస్తకాల్లో కనిపించే గుండ్రని గోధుమ రంగు ఎలుగును కాకుండా మన ఎలుగునే చేయండి. మూతి పొడవుగా, ముందుకు సాగి, మాసిన తెలుపు రంగులో ఉంటుంది. మెడ చుట్టూ, చెవుల చుట్టూ నల్లని జుట్టు చెదిరి ఉంటుంది. ఆ జుట్టుకు కొబ్బరి పీచు చక్కగా పనికొస్తుంది. నల్ల రంగు నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి, చిన్న చిన్న కుచ్చులుగా కట్టి, కింది వరుస ముందు, పై వరుస తరవాత అంటించాలి. సింహం జూలుకైతే గోగునార కంటే మంచిది లేదు. మన రెండు జిల్లాల్లో గోగు పండిస్తారు, నార తేలికగా దొరుకుతుంది, దాని సహజమైన లేత బంగారు రంగుకు వేరే రంగు అక్కరలేదు.

పక్షుల విషయంలో ముక్కు సరిగా కుదిరితే మిగిలినది తేలిక. వీలుంటే ఒక ఆదివారం టెక్కలి దగ్గరున్న తేలినీలాపురానికి పిల్లలను తీసుకెళ్ళండి. అక్కడికి చలికాలంలో వచ్చే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల మీద గూళ్ళు కట్టుకుని కనిపిస్తాయి. పెలికాను ముక్కు పొడవుగా, బల్లపరుపుగా ఉంటుంది, పై ముక్కు అంచు వెంబడి వరుసగా మచ్చలు, కింద వేలాడే సంచి ఉంటాయి. ఎర్రకాళ్ళ కొంగ ముక్కు పసుపు రంగులో ఉండి కొసన కొంచెం కిందికి వంగుతుంది, ముఖం మీద ఈకలు లేక నారింజ రంగు చర్మం కనిపిస్తుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే నత్తలు తినే కొంగల ముక్కు పూర్తిగా మూసుకోదు, రెండు ముక్కుల మధ్య సన్నని సందు ఉంటుంది. ఆ సందును వదిలి ముక్కు చేస్తే, తెలిసినవారు చూడగానే పేరు చెప్పేస్తారు. ఇంత పొడవు ముక్కులను ముఖం ముందు పెట్టకండి. టోపీ ముందంచులా నుదుటి పైనుంచి బయటికి వచ్చేలా తలపట్టీకి అతికించండి, పక్షి కళ్ళను తల పక్కల గీయండి. పిల్లవాడు ముక్కు కిందనుంచి తన కళ్ళతో తానే చూస్తాడు, అసలు కంటి రంధ్రాలతో పనే ఉండదు. నిజమైన పెలికాను ముక్కు 30 సెంటీమీటర్లు దాటుతుంది కానీ పిల్లలకు 16, 17 మించనివ్వకండి, పక్కవారికి గుచ్చుకుంటుంది. కొసను గుండ్రంగా మలచండి.

రామచిలుకకు మాత్రం ముక్కు కళ్ళ మధ్యనే ఉండాలి. ఎర్రగా, పొట్టిగా, పై ముక్కు వంగి కింది ముక్కును కప్పేయాలి. మెడ చుట్టూ నల్ల, గులాబీ రంగు కంటె మగ చిలుకకే ఉంటుంది. అది మన రాష్ట్ర పక్షి కూడా కనుక పుట్టినరోజు పిల్లకు ఇదే చేస్తే బాగుంటుందని నా సలహా. పాలపిట్టకైతే నడినెత్తి నీలం, రొమ్ము ఇటుక రంగు కలిసిన గోధుమ రంగు, ముక్కు నలుపు.

రంగులకు ముందు సుద్దపొడిలో ఫెవికాల్, నీళ్ళు కలిపి రెండు పూతలు వేసి, ఎండాక సన్నని గరుకు కాగితంతో రుద్దితే దినపత్రిక అక్షరాలు కనిపించవు. పైన పోస్టరు రంగులు లేదా అక్రిలిక్ రంగులు వేయండి. ఎనామిల్ పెయింటు వాసన రోజుల తరబడి పోదు, దాన్ని వాడవద్దు. కళ్ళ చుట్టూ మెరుపు పొడి కూడా వద్దు, రాలి కంట్లో పడుతుంది. లోపలివైపు ఏ రంగూ వేయకండి.

ఈకల గురించి అడిగారు. చెట్ల కింద రాలిన పక్షి ఈకలను ఏరి తేవద్దు, వాటిలో పేలు, మురికి ఉంటాయి. పాత పుస్తకాల అట్టల కాగితాన్ని ఆకు ఆకారంలో కోసి, మధ్యలో నిలువుగా మడిచి, రెండు అంచులకూ కత్తెరతో ఏటవాలుగా దగ్గర దగ్గరగా గాట్లు పెడితే చక్కని ఈకలవుతాయి. ఈ పనిని పిల్లలకే వదిలేయండి, వాళ్ళు మనకంటే ఓపికగా చేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం ఎంత కచ్చితంగా ఉన్నా తప్పులేదు. కాగితం, గోగునార, కొబ్బరి పీచు, దూది, ఇవన్నీ క్షణంలో అంటుకునేవే. కేకు మీద కొవ్వొత్తులు వెలిగించే ముందు పిల్లలందరి చేతా మాస్కులు తీయించి వేరే గదిలో పెట్టండి. కొవ్వొత్తులు ఆర్పి, అగ్గిపెట్టె లోపల పెట్టాకే మళ్ళీ ఇవ్వండి. ఫొటో కోసమైనా దీన్ని సడలించవద్దు. అలాగే మాస్కు పెట్టుకుని మెట్లు ఎక్కడం, మేడ మీద ఆడటం వద్దని పిల్లలకు ముందే చెప్పండి. ఉబ్బసం ఉన్న పిల్ల ఎవరైనా ఉంటే పీచు, నార లేని పక్షి టోపీని ఇవ్వండి.

రెండు వారాల్లో ఎనిమిదీ కాగితపు పొరలతో చేయాలనుకోకండి. పెద్ద పిల్లలకు కాగితపు పొరల మాస్కులు మూడు, చిన్నవారికి అట్ట మాస్కులు మూడు, మిగిలిన రెండూ పక్షి టోపీలు అయితే తీరిగ్గా అవుతుంది. పొరల పని మొదటి వారంలోనే పూర్తిచేసి పెట్టుకోండి, వాన పట్టినా ఆరడానికి వ్యవధి ఉంటుంది. రంగులు వేయడానికి పుట్టినరోజుకు ముందు వచ్చే శని, ఆదివారాలను ఉంచుకుంటే పిల్లలు కూడా చేయి కలుపుతారు.

వేడుక అయ్యాక మాస్కులను పడేయకండి. లోపలి బనియను గుడ్డను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, ఒక్కొక్కదానిలో నలిపిన కాగితం కూరి ఆకారం నిలిచేలా చేసి, అట్టపెట్టెలో ఎండిన వేపాకుల మధ్య ఉంచండి. మైదా జిగురు వాసనకు బొద్దింకలు, ఎలుకలు వస్తాయి కనుక పెట్టెను నేల మీద కాకుండా అటక మీద పెట్టి, మూత సందులకు టేపు వేయండి. వానాకాలంలో ఒకసారి తీసి గాలికి ఆరవేస్తే మరుసటి ఏడు బడి వార్షికోత్సవానికి కూడా అవే పనికొస్తాయి.